కుటుంబంలో యూనియన్ ఏమిటండీ!

ఈమధ్య ఉద్యోగుల్లో ఒక దురలవాటు మొదలైంది. అపాయింట్‌మెంట్ లెటర్ చదువుతున్నారు, అదీ సంతకం పెట్టకముందే! ఇలాగైతే కంపెనీలు ఏమైపోవాలి?

"మనమంతా ఒకే కుటుంబం" అని యాజమాన్యం మీటింగ్ పెట్టినప్పుడల్లా చెబుతూనే ఉంది. ఇంట్లోవాళ్లను ఓవర్‌టైం డబ్బులు అడుగుతామా? మరి ఇంట్లోవాళ్లకు నెల నోటీసిచ్చి బయటికి పంపుతామా అంటారేమో, అది వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకండి.

హాజరు మెషీన్ మీద కూడా ఏడుపే. పొద్దున పది నిమిషాలు ఆలస్యమైతే ఠక్కున పట్టేసి సగం రోజు జీతం కోస్తుంది, నిజమే, కానీ సాయంత్రమయ్యేసరికి పాపం దానికి రేచీకటి. తొమ్మిదింటికి వెళ్లేవాడు కనబడకపోతే అదేం చేస్తుంది?

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టిన ఏడాదే, 1919లో, పరిశ్రమల కోసం తన మొట్టమొదటి ఒప్పందం చేసింది. వందేళ్లు దాటిన కాగితం పట్టుకుని ఇంకా వేలాడితే ఎలా? అంతకన్నా ముందుచూపు నేర్చుకోవాలంటే న్యూయార్క్ ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ ఉంది. సరుకు ఎత్తుకుపోతారేమోనని అక్కడ మెట్లవైపు తలుపుకు తాళం వేశారు. 1911లో మంటలు లేస్తే 146 మంది పోయారు. రెండేళ్ల ముందే అక్కడి ఆడపిల్లలు సమ్మె చేశారు, యజమానులు మాత్రం యూనియన్‌ను గుర్తించలేదు. (ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు, ముందుకెళ్దాం.)

అసలు యూనియన్ ఎందుకు? "ఏ సమస్య ఉన్నా నా క్యాబిన్‌కి రండి, ఒక్కరే రండి" అని మేనేజరుగారు అంత ప్రేమగా చెబుతుంటే! నలుగురు కలిసి వెళ్తే కుర్చీలు చాలవని ఆయన బాధ.

అదే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948లో చేసిన 87వ ఒప్పందం ప్రకారం ఎవరి ముందస్తు అనుమతీ లేకుండా సంఘం పెట్టుకునే హక్కు కార్మికులకూ ఉంది, యాజమాన్యాలకూ ఉంది. ఇందులో రెండో సగం ప్రపంచమంతా బ్రహ్మాండంగా అమలవుతోంది. వ్యాపారుల సంఘాలు, పరిశ్రమల సమాఖ్యలు, చాంబర్లు, వాటికి అధ్యక్షులు, శాలువాలు. వాళ్లు కలిస్తే అది సదస్సు. మనం టీ దగ్గర కలిసి జీతాలు చెప్పుకుంటే బయటి శక్తుల కుట్ర. సంఘంలో చేరినందుకు ఉద్యోగం పీకకూడదని మరుసటి ఏడాదే, అంటే 1949లో, 98వ ఒప్పందం కూడా వచ్చింది గానీ, ఆ పేజీ హెచ్ఆర్ వాళ్ల ప్రింటర్‌లో ఎందుకో రాదు.

అంత సరదాగా ఉంటే సంఘం ఎలా నడపాలో మీ యజమానినే అడగండి. అనుభవం ఉన్న మనిషి. ఆయన చందా మాత్రం కంపెనీ ఖాతాలోంచి వెళ్తుంది, మీది మీ జేబులోంచి పోతుంది, అంతే తేడా.