వాక్యం ఫోన్‌లో దొరుకుతుంది, మరి మనిషి?

ఆదివారం చర్చికి రాలేదేంటి అని అడిగితే ఈ మధ్య ఎక్కువగా వినిపించే జవాబు, యూట్యూబ్‌లో మెసేజ్ విన్నాలెండి అని. 2020లో కరోనా వచ్చి చర్చిలు మూతపడినప్పుడు లైవ్ తప్ప వేరే దారి లేదు, అప్పుడు అది నిజంగా మేలే చేసింది, కానీ తలుపులు తెరిచాక కూడా కొంతమంది తిరిగి రాలేదు. వాళ్ళని తిట్టి లాభం లేదు, ఎందుకంటే చర్చి అంటే ప్రసంగం వినడమే అయితే వాళ్ళు చేస్తున్నది కరెక్టే. ఇంట్లోనే ఇంకా బాగా చెప్పే బోధకుడు దొరుకుతాడు, బోర్ కొడితే ముందుకి జరుపుకోవచ్చు.

చర్చి అంటే అదే అని వాళ్ళకి అలవాటు చేసింది మాత్రం మనమే. రెండు గంటలు ఒకాయన మాట్లాడతాడు, మిగతా అందరూ ఆయన వైపు చూస్తూ కూర్చుని, ప్రార్థన అయిపోగానే చెప్పుల కోసం పరిగెడతారు. పక్కన కూర్చున్న మనిషి పేరు కూడా తెలీదు.

రాని వాళ్ళ మీద విసరడానికి అందరి దగ్గరా ఒక వాక్యం రెడీగా ఉంటుంది, బైబిల్లోని హెబ్రీ పత్రిక 10:25, "సమాజముగా కూడుట మానక". దాన్ని 24వ వచనంతో కలిపి చదవండి, అక్కడ ప్రసంగం ఊసే లేదు. ప్రేమ చూపడానికి, మంచి పనులు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోండి అని ఉంది. మన బైబిల్లో "హెచ్చరించుచు" అని ఉండేసరికి అదేదో వార్నింగ్ అనుకుంటాం గానీ మూలంలో ఉన్న గ్రీకు మాటకి ధైర్యం చెప్పడం, ఓదార్చడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. అది స్క్రీన్ ముందు ఒక్కడివే కూర్చుని చేసే పని కాదు. ఒకరి భారాలు ఒకరు మోయండి, ఒకరినొకరు క్షమించండి అనేవి కూడా అంతే, క్షమించాలంటే ముందు మనల్ని విసిగించే మనిషి ఒకరు దగ్గర్లో ఉండాలి కదా, ఆ విషయంలో చర్చికి ఎప్పుడూ కొరత లేదు.

చర్చిలో అందరూ వేషధారులే అందుకే మానేశాను అనేవాళ్ళు బైబిల్లో కనిపించే తొలినాటి కొరింథు సంఘం సంగతి ఒకసారి చూడాలి. ప్రభువు బల్ల కోసం, అంటే యేసుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడానికి కూడుకున్నప్పుడు, డబ్బున్నోళ్ళు ముందే తినేసేవాళ్ళు, లేనోళ్ళు ఆకలితో ఉండేవాళ్ళు, కొందరైతే తాగి మత్తులో ఉండేవాళ్ళు. మీరు కూడుకోవడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ అని అపొస్తలుడు పౌలు వాళ్ళకి మొహం మీదే రాశాడు, అయినా ఇక కూడుకోవద్దు అనలేదు, ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు. అంటే భరించమని కాదు, మనుషుల్ని నలిపేసే సంఘం అయితే వదిలి ఇంకో సంఘానికి వెళ్ళడంలో తప్పేమీ లేదు, అసలు ఏ సంఘమూ వద్దనుకోవడం వేరే విషయం.

303లో రోమా చక్రవర్తి డయొక్లెటియన్ క్రైస్తవులు కూడుకోకూడదని ఆర్డర్ వేశాడు, 304లో ఉత్తర ఆఫ్రికాలో అబిటినే అనే ఊళ్ళో 49 మంది ఒక ఇంట్లో కూడుకుని దొరికిపోయారు. ఎందుకు చేశారు అంటే, ఆదివారపు కూడిక లేకుండా మేం ఉండలేం అన్నారు. ఇంట్లో ఎవరికి వాళ్ళు గుట్టుగా ప్రార్థన చేసుకుని ఉంటే ప్రాణాలు దక్కేవేమో, ఆ దారి వాళ్ళకీ తెలుసు.

మంచాన పడ్డవాళ్ళు, ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్ళు రాలేరు, వాళ్ళకి లైవ్ లింక్ పంపి ఊరుకుంటే సరిపోతుందా అనేది ఇప్పుడు సంఘాలు తేల్చుకోవాల్సిన ప్రశ్న. క్రీస్తు శకం 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు తమ ఆదివారపు ఆరాధన ఎలా జరుగుతుందో వివరంగా రాశాడు, చదవడం, బోధ, ప్రార్థన, రొట్టె, అన్నీ అయ్యాక, రాలేకపోయిన వాళ్ళ భాగాన్ని డీకన్లు, అంటే సంఘ పరిచారకులు, వాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళేవాళ్ళట. అంటే ఆ వారం ఎవరు రాలేదో ఎవరో ఒకరు గమనించి ఉండాలి, వాళ్ళ ఇల్లు ఎక్కడో కూడా తెలిసి ఉండాలి.