ఫార్మాటే దారి అంటే ఒప్పుకోను
అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ తెరుచుకోకపోతే ఫార్మాట్ కొట్టుడు (డిస్కు మొత్తం తుడిచేసుడు) తప్ప వేరే దారి లేదని మీ వ్యాసంల రాసిన్రు, అది తప్పు. దేవరకొండలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పోయిన వానాకాలం విండోస్ అప్‌డేట్ నడుస్తుంటే కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది (తప్పు నాదే). మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద చుక్కలు గంటన్నర తిరుగుడే తిరుగుడు. రిపేరు పిల్లగాడు వచ్చి ఇట్ల చూసి అట్ల 'ఫార్మాటే అన్నా' అన్నడు. అండ్ల రైతుల పహాణీ నకళ్లు, పిల్లల స్కాలర్‌షిప్ కాగితాల స్కాన్లు ఉన్నయి, ఎట్ల కొట్టనిస్త? మా బామ్మర్ది ఫోన్ల చెప్పినట్టు, చుక్కలు రాంగనే పవర్ బటన్ 10 సెకన్లు వత్తి పట్టి బంద్ చేసిన. అట్ల మూడు సార్లు చేస్తే రిపేరు మెనూ దానంతట అదే వచ్చింది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ లోపలికి పోయి చివరి క్వాలిటీ అప్‌డేట్ (నెలనెలా వచ్చే మామూలు అప్‌డేట్) తీసేస్తే అరగంటల డెస్క్‌టాప్ వచ్చింది, ఒక్క ఫైలు పోలే. కొన్ని ల్యాప్‌టాప్‌లల్ల మధ్యల బిట్‌లాకర్ (డిస్కుకు తాళమేసే విండోస్ ఏర్పాటు) 48 అంకెల కీ అడుగుతది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడుతుంటే చాలాసార్లు అది ఆ ఖాతాలనే దొరుకుతది, ఫోన్ల తెరిచి చూసి కొట్టుకోవచ్చు. ఈ ముక్క మీ వ్యాసంల లేనే లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో 85 లక్షల దాకా మిషన్లు నీలి తెరతో ఆగినప్పుడు చెప్పిన మందు కూడా సేఫ్ మోడ్ (అవసరమైనంత మటుకే విండోస్ తెరిచే పద్ధతి) లకు పోయి ఆ అప్‌డేట్‌తో వచ్చిన ఒక ఫైలు తీసేసుడే, ఫార్మాట్ కాదు. యూపీఎస్ బ్యాటరీ మాత్రం తెల్లారే మార్పించిన.