స్టేట్ లైన్ గారికి, ఫ్రీమాంట్ నుంచి

గౌరవనీయులైన కాలిఫోర్నియా నెవాడా స్టేట్ లైన్ గారికి నమస్కారాలు,

మొన్న లాంగ్ వీకెండ్‌కి టాహో వచ్చినప్పుడు తమరి దర్శనభాగ్యం కలిగింది. స్టేట్‌లైన్ అని తమరి పేరు మీద ఊరే ఉంది కదా, సంతోషం. మా మోటెల్ ఇటు కాలిఫోర్నియాలో, కాసినోలు అటు నెవాడాలో, మధ్యలో తమరు. గోడ లేదు గేటు లేదు, ఫుట్‌పాత్ మీద పోతూ ఉంటే ఎక్కడ దాటామో కూడా తెలీదు. కానీ మా సైకాలజిస్ట్ గారికి మాత్రం తమరు లక్ష్మణరేఖ.

ఆవిడది టెక్సస్‌లో డాలస్, మాట్లాడుకునేది వీడియోలో. తెలుగులో ఏడిస్తే తెలుగులోనే ఊరుకోబెట్టే మనిషి ఈ దేశంలో దొరకడం ఎంత కష్టమో ఇక్కడున్న అందరికీ తెలుసు. ఉద్యోగం మారి నేను కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వచ్చా, అంతే, పేషెంట్ ఎక్కడుంటే ఆ స్టేట్ రూల్ అట. బయటి సైకాలజిస్టులకి కాలిఫోర్నియా ఏడాదికి 30 రోజులు దయతలుస్తుంది, ఆవిడకి అవి ఎప్పుడో అయిపోయాయి. నా బాధలు క్యాలెండర్ చూసుకుని రావు కదండీ.

సైప్యాక్ట్ ఉందిగా అంటారు, అంటే ఒక స్టేట్ సైకాలజిస్టు ఇంకో స్టేట్‌లో ఉన్న పేషెంట్‌ని వీడియోలో చూడనిచ్చే స్టేట్ల ఒప్పందం. ఉంది, 40కి పైగా స్టేట్లు చేరాయి, టెక్సస్ ఉంది, నెవాడా ఉంది, కాలిఫోర్నియా లేదు. (న్యూయార్క్ కూడా లేదు, దాని సంగతి అక్కడివాళ్ళు చూసుకుంటారు.) అంటే అటుపక్క కాసినో పార్కింగ్‌లో నిలబడి ఏడిస్తే వినొచ్చు, ఇటు మోటెల్ మంచం మీద ఏడిస్తే ఆవిడ లైసెన్స్‌కి ఎసరు.

సరే, కాఫీ తెస్తానని ఇంట్లో చెప్పి, దాటి వెళ్ళి పార్కింగ్‌లో ఓ స్తంభం పక్కన నిలబడి వీడియో ఆన్ చేశా. మామూలుగానే మొదటి ప్రశ్న, "ఇప్పుడు ఏ స్టేట్‌లో ఉన్నారండీ?" నెవాడా అన్నా. అమ్మ గురించి చెప్తూ గొంతు పూడుకుపోయింది, సరిగ్గా అప్పుడే ఆవిడ, "ఒక్క నిమిషం, మీ వెనక మోటెల్ బోర్డు కనపడుతోంది, లైన్ దాటారా నిజంగా?" అన్నారు. మ్యాప్ తెరిచా. ఆ నీలం చుక్క కుదురుగా ఉంటేగా, ఓసారి నెవాడా, ఓసారి కాలిఫోర్నియా. ఆవిడని అనడానికి లేదు, పోతే పోయేది ఆవిడ లైసెన్సే. ముక్కు తుడుచుకుంటూ ఇంకో నాలుగు కార్లు అవతలికి జరిగేసరికి ఏడుపు కూడా ఆగిపోయింది, పావుగంట సెషన్ హుళక్కి.

ఇంకేంటయ్యా నీ బాధ? లైసెన్స్ కోసం ఆవిడ రాసింది అన్ని స్టేట్లకీ ఒకటే పరీక్ష, 225 ప్రశ్నలు. కొండ దిగితే డిప్రెషన్ మారిపోతుందా? లైసెన్స్ వద్దని ఎవడన్నాడు, తేడా చేస్తే కంప్లైంట్ ఇవ్వడానికి ఓ బోర్డు ఉండాల్సిందే, కానీ సైప్యాక్ట్‌లో చేరినా తన దగ్గర ప్రాక్టీస్ ఆపించే హక్కు ఆ స్టేట్‌కి ఉంటుందిగా, మరి ఎందుకీ బెట్టు?

నువ్వు ఉత్త గీతవే, నాకూ తెలుసు. చట్టం చెయ్యాల్సినవాళ్ళు శాక్రమెంటోలో కూర్చున్నారు, వాళ్ళకి రాస్తే ఆటోమేటిక్ రిప్లై వస్తుంది, నీకు రాస్తే అదీ రాదు, అందుకే నీకు రాస్తున్నా. జనవరిలో ఆవిడ 30 రోజులు మళ్ళీ మొదలవుతాయి, క్యూలో ముందు నేనే ఉన్నా, న్యూ ఇయర్ కేక్ సంగతి తర్వాత.

ఇట్లు,
ఫ్రీమాంట్‌లో ఏడవడానికి పర్మిషన్ లేని ఒక ఆడది