మహా మైదానాలను ‘కవర్’ చేయు విధము

‘చూడటం’ అనే క్రియాపదానికి మన భాషలో కాలం చెల్లిందని నా అభిప్రాయం. తిరుపతి వెళ్ళినవారు పనిలో పనిగా కాణిపాకం, శ్రీకాళహస్తి కవర్ చేసుకొని వస్తారు. అరకు వెళ్ళినవారు బొర్రా గుహలను కవర్ చేస్తారు. ఎవరూ దేనినీ చూసినట్టు చెప్పుకోరు. అమెరికా వచ్చిన తెలుగువారు ఆవకాయతోపాటు వెంట తెచ్చుకున్నది ఈ క్రియాపదాన్నే. అయితే దానికి అసలైన పరీక్ష నయాగరాలో జరుగుతుందనుకోవడం పొరపాటు. నయాగరా తనంతట తానే వచ్చి మీద పడుతుంది. అక్కడ మనం కవర్ చేసుకోవలసింది నెత్తిని మాత్రమే. కనుచూపు మేరలో గడ్డి, మొక్కజొన్న, ఆకాశం తప్ప మరేమీ లేని మహా మైదానాలను ఐదు రోజుల్లో కవర్ చేసి రావడంలోనే మనిషి ప్రజ్ఞ బయటపడుతుంది. ఆ పనిని విజయవంతంగా ముగించిన గృహస్థుగా, నా తరువాత బయలుదేరబోయే దంపతుల మేలు కోరి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

జూలై నాలుగు సెలవుకు రెండు రోజులు కలుపుకొని షికాగో శివార్ల నుంచి మేమిద్దరం బయలుదేరాము. విస్కాన్సిన్, మిన్నెసోటా, సౌత్ డకోటా, వయోమింగ్ వెళ్ళి, నెబ్రాస్కా, అయోవా మీదుగా తిరిగి రావాలి. మా ఇలినాయితో కలిపి ఏడు రాష్ట్రాలు, రెండు వేల పైచిలుకు మైళ్లు. దీనికి నేను ఎక్సెల్ షీటు తయారు చేశాను. అందులో ప్రతి స్థలానికీ ఒక వరుస, చేరవలసిన వేళకు ఒక గడి, ఫోటోకు ఒక గడి, జాప్యానికీ దాని కారణానికీ చెరొక గడి ఉన్నాయి. రాష్ట్రాన్ని లెక్కలోకి తీసుకోవడానికి నిబంధనలు కూడా రాశాను: సరిహద్దు దాటితే చాలదు, ఒక కాలైనా నేలకు ఆనాలి, ఒక ఫోటో దిగాలి, వీలైతే ఆ రాష్ట్రపు మరుగుదొడ్డిని వినియోగించాలి. వీటిలో ‘వీలైతే’ అన్న మాటను మా ఆవిడ కొట్టివేయించింది. షీటు మొత్తం మీద ఆమె సూచించిన సవరణ అదొక్కటే.

తిండి సంగతి ఎక్కువగా చెప్పను. పులిహోర మొదటి రెండు రోజులు కాచింది, చపాతీలు మూడవ రోజు ఎదురు తిరిగాయి, ఆ తరువాత చీజ్ పిజ్జాయే శరణ్యమైంది.

దారి గురించి మాత్రం చెప్పాలి. ఇంటర్‌స్టేట్ 90 అనే ఆ రహదారి సౌత్ డకోటాలో సూ ఫాల్స్ నుంచి రాపిడ్ సిటీ వరకు దాదాపు 350 మైళ్లు సాగుతుంది. అంటే హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళి తిరిగి వచ్చినంత దూరం. తేడా ఏమిటంటే నడుమ చిట్యాల లేదు, సూర్యాపేట లేదు, టీ కోసం ఆగుదామా అని అడిగే సందర్భమూ లేదు. గంటకు 80 మైళ్ల వేగాన్ని ప్రభుత్వమే అనుమతించినా, కారు కదులుతున్నట్టు రుజువు చేసే వస్తువు కిటికీ బయట ఒక్కటీ కనిపించదు. ఫోనులో దారి చెప్పే ఆవిడ ‘ఇలాగే తిన్నగా పొండి’ అని ఒకసారి చెప్పి, పుట్టింటికి వెళ్ళినట్టు మాయమవుతుంది. ఇక ఆ నిశ్శబ్దాన్ని పూరించే బాధ్యత దంపతుల మీదనే పడుతుంది. మా బావమరిది పెళ్ళిలో మావాళ్ళకు జరిగిన మర్యాద లోపం మ్యాడిసన్ దగ్గర మొదలై మిసిసిపీ నది దాకా వచ్చింది. ఇంటి అప్పు మిన్నెసోటా అంతటికీ సరిపోయింది. సౌత్ డకోటాలో అడుగుపెట్టేసరికి మా పదిహేడేళ్ల కాపురంలో తేలని విషయాలన్నీ అయిపోయాయి. వాటిలో ఏ ఒక్కటీ తేలలేదన్నది వేరే సంగతి. కొత్తగా పెళ్ళైనవారు ఈ దారిన రావడం క్షేమం కాదని నా సలహా, వారి దగ్గర అంత సరుకు ఉండదు.

ఇలాంటి ప్రయాణికుల అవస్థను అక్కడివారు ముందే కనిపెట్టారు. ఏమీ లేని చోటికి ఎవరూ రారు కాబట్టి, ఏదో ఒకటి ఉన్నట్టు చేయాలన్నది వారి సిద్ధాంతం. మిచెల్ అనే ఊరిలో 1892 నుంచి ఒక మొక్కజొన్న భవనం ఉంది. ఇప్పుడు నిలబడి ఉన్నది 1921 నాటిది. దాని వెలుపలి గోడలకు రంగురంగుల కంకులను రెండుగా చీల్చి, మేకులతో కొట్టి, పెద్ద పెద్ద బొమ్మలు కూరుస్తారు. ఆ అలంకారాన్ని ఏటేటా మారుస్తారు. కంకులను ఏడాది పొడవునా పక్షులు తింటూ ఉంటాయి. మనవైపు పిచ్చుకల కోసం గుమ్మానికి వరికంకుల కుచ్చు వేలాడదీస్తారు కదా, వీళ్ళు ఏకంగా ఇంటినే కుచ్చుగా కట్టుకున్నారని మా ఆవిడ అన్నది. ఆమె ఒక కాకి పిల్ల భోజనం ముగిసేవరకు నిలబడి చూసింది. జాప్యం తొమ్మిది నిమిషాలు, కారణం కాకి.

ఈ సిద్ధాంతానికి పరాకాష్ఠ మాత్రం వాల్ అనే చిన్న ఊరిలోని మందుల దుకాణం. 1931లో టెడ్ హస్టెడ్ అనే ఆయన దానిని కొన్నాడు. ఆర్థిక మాంద్యపు రోజులు. ఎదురుగా కార్లు పోతుండేవి కానీ ఆగేవి కావు. 1936 వేసవిలో ఆయన భార్య డొరొతీకి ఒక ఆలోచన వచ్చింది: ఎండలో దుమ్ము కొట్టుకుపోతూ వచ్చేవారికి కావలసింది మందులు కాదు, చల్లటి నీళ్లు, ఐసు నీళ్లు ఉచితమని దారి పొడవునా బోర్డులు పెడదాము. బోర్డులు వెలిశాయి, కార్లు ఆగాయి, ఈనాటికీ ఆగుతూనే ఉన్నాయి. ఐసు నీళ్లు ఇప్పటికీ ఉచితమే, వాటి చుట్టూ మొలిచిన దుకాణాల్లోని మిగతా వస్తువులు కావు. ఐదు సెంట్ల కాఫీ ఉందని, రహదారి పక్కన 80 అడుగుల డైనోసార్ ఉందని వందల మైళ్ల ముందు నుంచి బోర్డులు మనకు చెబుతూ వస్తాయి. మూడు గంటలుగా చదవడానికి మరొక అక్షరం దొరకని ప్రయాణికుడు ఆ బోర్డులను శ్రద్ధగా పారాయణం చేసి, చివరకు దాహం లేకపోయినా దిగుతాడు.

దీనిని తెలుగులో చలివేంద్రం అంటారు. మన ఊళ్ళలో వేసవి రాగానే ప్రతి కూడలిలోనూ వెలుస్తుంది. కుండలో నీళ్లకన్నా పైన ఫ్లెక్సీలో నాయకుడు నిండుగా ఉంటాడు. ప్రారంభోత్సవం నాటి మజ్జిగ మరునాటికి నీళ్లుగా, వారానికి ఖాళీ కుండగా పరిణమిస్తుంది. ఇన్ని లక్షల చలివేంద్రాలను పెట్టిన జాతి, దానిని చూడటానికి తొమ్మిది వందల మైళ్ల అవతల నుంచి దంపతులను రప్పించవచ్చన్న ఆలోచన మాత్రం చేయలేకపోయింది. నేను ఆ విచారంలో ఉండగానే మా ఆవిడ రెండు గ్లాసుల నీళ్లు తాగి, ‘బాగున్నాయండీ, చల్లగా ఉన్నాయి’ అన్నది. అయస్కాంతం బిళ్లలు, టీషర్టు, బెల్లంపాకం పూసినట్టుండే డోనట్లు కలిపి ఆ ఉచిత నీళ్లకు మాకు నలభై రెండు డాలర్లు అయింది.

వాల్‌కు కొద్దిగా తూర్పున, దారి పక్కనే, అణు క్షిపణిని దాచిన గొయ్యి ఒకటి ఉంది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో పశ్చిమ సౌత్ డకోటాలోని గడ్డి నేలల కింద ఇలా 150 క్షిపణులను పాతిపెట్టారు. ‘ఇక్కడేమీ లేదు’ అని అందరూ అనుకునే చోటు కాబట్టే అక్కడ పెట్టారట. అద్దపు మూత గుండా లోపలికి చూడవచ్చు. నేను దానిని షీటులో చేర్చలేదు. గొయ్యి కదా, ఫోటోలో ఏమి పడుతుంది?

బ్యాడ్‌ల్యాండ్స్ జాతీయ పార్కుకు నలభై ఐదు నిమిషాలు కేటాయించాను. గాలీ వానా కోసి కోసి మిగిల్చిన మట్టి గుట్టలు అవి, పొర మీద పొరగా రంగు మారుతూ పోతాయి. ఏడాదికి సుమారు ఒక అంగుళం చొప్పున అరుగుతున్నాయని, మరో ఐదు లక్షల ఏళ్లకు మొత్తం కరిగిపోతాయని అక్కడివారు లెక్క కట్టారు. ఇది విన్న మా ఆవిడ ‘అయితే తొందర లేదుగా’ అన్నది. తొందర గుట్టలకు లేదని, మనకు ఉందని నేను వివరించవలసి వచ్చింది.

మౌంట్ రష్మోర్ విషయానికి వస్తే, అమెరికా అధ్యక్షులు నలుగురి ముఖాలను ఒక కొండకు చెక్కడానికి 1927 నుంచి 1941 వరకు పట్టింది. ఒక్కొక్క ముఖం 60 అడుగులు. పనిలో చాలా భాగం ఉలి కాదు, డైనమైటు చేసింది. నాకు అక్కడ కలిగిన తొలి ఆలోచన పరిపాలనకు సంబంధించినది. మన దేశంలో ఎన్నికల నియమావళి అమలులోకి రాగానే నాయకుల విగ్రహాలకు ముసుగులు వేస్తారు కదా. ఇక్కడ ఆ నిబంధన పెడితే ఎన్ని తానుల గుడ్డ కావాలి, కాంట్రాక్టు ఎవరికి దక్కాలి? రెండవ ఆలోచన వాహనం నిలిపే రుసుము గురించి. ప్రవేశం ఉచితమే, జాతీయ పార్కుల వార్షిక పాసు నా చేతిలో ఉన్నదే, కానీ ఆ రుసుముకు పాసు వర్తించదన్న సంగతి ముందుగా చదవకపోవడం పూర్తిగా నా లోపం. పది డాలర్లు ఊరికే పోయాయని నేను బాధపడుతుండగా, మా ఆవిడ ఫోనులో ఏదో చదివి వినిపించింది. ఈ బ్లాక్ హిల్స్ 1868 ఒప్పందం ప్రకారం లకోటా మొదలైన సూ ప్రజలవట. 1874లో బంగారం బయటపడిన తరువాత, 1877లో ప్రభుత్వం లాగేసుకున్నదట. ఇది అన్యాయమేనని 1980లో సుప్రీంకోర్టు ఒప్పుకొని పది కోట్ల డాలర్లకు పైగా పరిహారానికి తీర్పు ఇచ్చిందట. వాళ్ళు మాత్రం కొండలను మేము అమ్మలేదని చెప్పి ఈనాటికీ ఆ సొమ్ము ముట్టుకోలేదట. అది వడ్డీతో పెరుగుతూ వంద కోట్లు దాటిందట.

‘మీ పది డాలర్ల సంగతి ఇంకా ఏమైనా ఉందా?’ అని అడిగింది. షీటులో ఇలాంటి వాటికి గడి లేదు.

వయోమింగ్‌లో డెవిల్స్ టవర్ ఉంది. 1906లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రకటించిన మొట్టమొదటి జాతీయ స్మారకం. పొడుగ్గా ఉంది. ఫోటో వచ్చింది.

అక్కడి నుంచి నెబ్రాస్కా వైపు రెండు వరుసల చిన్న దారిలో పోతుండగా, ఎదురుగా కారు కనిపించి అరగంట దాటిన ఒకచోట, మా ఆవిడ ఆపమన్నది. అక్కడ బోర్డు లేదు, మలుపు లేదు, ఫోనులో సిగ్నలు కూడా లేదు. ఇక్కడ ఏముందని అడిగాను. ‘గడ్డి ఉంది, ఆపండి’ అన్నది. దిగి కంచె దగ్గర నిలబడింది. గాలి దూరం నుంచి రావడం కనిపించింది. గడ్డి అక్కడెక్కడో వంగి, ఆ వంపు మా దాకా నడిచి వచ్చి, మమ్మల్ని దాటి రోడ్డుకు అవతల మళ్ళీ మొదలైంది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు మా నాన్న పొలం గట్టున చేతులు వెనక్కు కట్టుకొని ఇలాగే నిలబడేవాడు. ఆయన ఏమి కవర్ చేస్తున్నాడో నాకు అప్పట్లోనూ తెలియలేదు. నేను గడియారం చూశాను, పదకొండు నిమిషాలు.

తరువాతి మజిలీ నెబ్రాస్కాలోని అలయన్స్. 1987లో అక్కడొకాయన తన తండ్రి జ్ఞాపకార్థం 39 పాత కార్లను నేలలో పాతి, ఒకదానిపై ఒకటి అమర్చి, బూడిద రంగు పూసి, ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాళ్లకు నకలు నిలబెట్టాడు. దీనితో ఇంగ్లండు కూడా కవర్ అయినట్టేనని నేను భావించి, షీటులో అదనంగా ఒక వరుస చేర్చాను. మా ఆవిడ ఏమీ అనలేదు. పదిహేడేళ్ల తరువాత ఏమీ అనకపోవడమంటే ఏమిటో తెలిసినవారికి వివరించనక్కరలేదు.

ఇంటికి చేరిన రాత్రి గుంటూరు నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది. నేను ఏడు రాష్ట్రాలూ, మొక్కజొన్న భవనమూ, నాలుగు తలలూ వరుసగా వినిపించాను. ఓపికగా విని, ‘నువ్వేం చూశావమ్మా?’ అని కోడలిని అడిగింది. ‘గడ్డి చూశానత్తయ్యా’ అన్నది మా ఆవిడ. ‘అట్లాగా, పచ్చగా ఉందా?’ అని మా అమ్మ అడిగింది. అక్కడి నుంచి గడ్డి మీద ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. నా నాలుగు తలల గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు.

షీటు ఇప్పుడు దాదాపు పూర్తయింది. ఫోటోలన్నీ ఎక్కించాను, జాప్యాలన్నీ కూడాను. ఒక్క వరుస మాత్రం మిగిలిపోయింది. సిగ్నలు లేకపోవడంతో మేము ఆగిన చోటు ఫోనులో నమోదు కాలేదు. సరిహద్దుకు ఇటు వయోమింగ్‌లో ఆగామో, అటు నెబ్రాస్కాలో ఆగామో ఎంత గుణించినా తేలడం లేదు. ఆ పదకొండు నిమిషాలను ఏ రాష్ట్రం ఖాతాలో వేయాలో మా ఆవిడను అడిగితే, ‘ఖాళీగా ఉంచండి’ అన్నది. ఉంచాను.