రేకు డబ్బా మెసేజ్: మా బావకూ, దాన్ని నాకు పంపిన మిగతా అందరికీ

కార్ల మీద ఆ వాట్సాప్ మెసేజ్ నాకు రావడం ఈ నెలలో ఇది ఏడోసారి. టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో ఫిజిక్స్ చెప్పే ఆయనే పెట్టాడు. అందరికంటే ముందు పంపింది మాత్రం మా బావ. కింద "చదువు, కండ్లు తెరుసుకుంటయ్" అని ఒక లైను కూడా రాశాడు. తెరుచుకున్నాయి బావా. తెరుచుకుని మూసుకోవడం లేదు, అందుకే రాత్రి పదకొండింటికి కూర్చుని ఇది రాస్తున్నా.

ఇంకా చూడని అదృష్టవంతుల కోసం ఆ మెసేజ్ సంగతి రెండు ముక్కల్లో. అమెరికాలో సగం ధరకు దొరికే కారు ఇక్కడ రెట్టింపు, ఎందుకంటే సగం సొమ్ము సర్కారు పన్ను. ఎనకటి అంబాసిడర్ ఇనుము, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు. మంచివి బయటి దేశాలకు పంపి నాసిరకం మనకు అంటగడుతున్నారు. ఎయిర్‌బ్యాగులు ధర పెంచే ఎత్తు, మన రోడ్లకు అక్కర్లేదు, ముందర గట్టి గార్డు వేయించుకుంటే చాలు. ఇన్ని కంపెనీలున్నా ఎంచుకోవడానికి ఏమీ లేదు. పాండిచ్చేరిలో రిజిస్ట్రేషన్ చేయిస్తే లక్షలు మిగులుతాయి. పది మందికి పంపండి.

పాండిచ్చేరితో మొదలుపెడదాం, ఎందుకంటే అది ఒక నిమిషం పని. బండి ఏడాదికి మించి ఏ రాష్ట్రంలో తిరిగితే ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. దొంగ అడ్రసుతో అక్కడ రిజిస్టర్ చేయించినందుకు కేరళలో సినిమా నటుల మీదే కేసులయ్యాయి. హనుమకొండలో పాండిచ్చేరి నంబరుతో తిరిగితే మనల్ని గుర్తుపట్టడానికి ఆర్టీవో ఆఫీసు కూడా అక్కర్లేదు, ఎదురింటి వాళ్లే చాలు.

ఇక అమెరికా ధర. మా ఊళ్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఈ పాయింటుకు బలం ఎక్కువ. బావ కొడుకు డాలస్‌లో తొమ్మిది వేల డాలర్లకు కారు కొన్నాడు, ఫొటో గ్రూపులో పెట్టారు, అందరం బొటనవేళ్లు పెట్టాం. ఆ కారు వయసు ఎనిమిదేళ్లు, తిరిగింది లక్ష మైళ్లు. అక్కడి సెకండ్ హ్యాండు బండిని ఇక్కడి షోరూమ్ బండితో పోలుస్తున్నాం. అమెరికాలో కొత్త కారు, అన్నిటికన్నా చవకది కూడా, 15 వేల డాలర్ల పైమాటే. ఎన్ని లక్షలవుతుందో గుణించుకోండి. ఆరేడు లక్షలకు కొత్త కారు అక్కడ లేనే లేదు. బయటి నుంచి దిగుమతయ్యే ఖరీదైన కార్లకైతే మెసేజ్ చెప్పింది నిజం, సుంకమే కారు ధరంత పడుతుంది. కానీ మన బ్యాచ్‌లో ఆ బాధ ఎవరికుందో నాకు తెలియదు.

సగం పన్ను అన్నది కూడా చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కారు మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు 28, పైన సెస్సు. పన్నుకు ముందు 5 లక్షలున్న బండి జీఎస్టీతో 5.90 లక్షలవుతుంది. మన తెలంగాణలో దాని మీద లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే ఇంకో 82,600. మొత్తం 6,72,600లో రెండు పన్నులూ కలిపి 1,72,600. నాలుగో వంతు, సగం కాదు. పెద్ద బండ్ల మీద జీఎస్టీయే 40 శాతం, లైఫ్ ట్యాక్స్ కూడా ఎక్కువే, కాబట్టి అక్కడ ఐదింట రెండు వంతుల దగ్గరికి పోతుంది. ఇదేం తక్కువని నేను అనను. కానీ నాలుగో వంతును సగం అని రాసినవాడు మిగతా లెక్కలు ఎలా రాసుంటాడో అర్థమవుతుంది కదా.

పన్ను రసీదైనా ఉంటుంది. నేను పోయినేడాది ఒక షోరూమ్‌లో (పేరెందుకులే) ధర రాయించుకున్న కాగితం ఇంకా దాచుకున్నా. అందులో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని ఒక లైను. ఏం హ్యాండిల్ చేశారని అడిగితే, గోడౌన్ నుంచి షోరూమ్‌కి తెచ్చాం సార్ అన్నాడు పిల్లాడు. దాని కింద "ఎసెన్షియల్ కిట్": మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, ఒక సెంటు సీసా. సెంటు సీసా ఎసెన్షియల్! ధరల మీద మెసేజ్ రాసేవాళ్లు దీని మీద ఒక్క ముక్క రాయరెందుకో.

సరే. ఇప్పుడు అసలు సంగతి, అంబాసిడర్.

"అంబాసిడర్‌ను లారీ గుద్దినా సొట్ట పడేది కాదు, ఇప్పటి బండి స్కూటర్ తగిలితేనే నలిగిపోతుంది." బావా, నలగాలి. నలగడానికే దాన్ని అలా చేశారు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ మిర్చి బస్తా అందుకునేది చూడలేదా? బస్తా వీపు మీద పడుతుంటే మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి తీసుకుంటాడు. నిటారుగా గుంజలా నిలబడితే ఒక్క బస్తాకే నడుము పోతుంది. కారు ముందు భాగం చేసేది ఆ మోకాళ్ల పనే. ముక్కు నలుగుతూ నలుగుతూ దెబ్బను తాగేస్తే, మనం కూర్చునే గది నిలబడుతుంది. ముక్కు నలగకపోతే ఆ దెబ్బ ఎటు పోతుంది? లోపలున్న మనిషి ఛాతీకే. సొట్ట పడని బండిలో పక్కటెముకలకు సొట్ట పడుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే హైవే సేఫ్టీ సంస్థ 2009లో ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్, పడవంత ఇనుప బండి. ఎదురుగా అదే కంపెనీ 2009 మాలిబు. రెండిటినీ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. వీడియో ఉంది, చూడండి, మెసేజ్ ఫార్వర్డ్ చేసేంత టైమ్ కూడా పట్టదు. ఇనుప బండిలో డ్రైవర్ గది అగ్గిపెట్టెలా మూసుకుపోయింది, స్టీరింగ్ వెనక్కి దూసుకొచ్చింది, మనిషైతే అక్కడికక్కడే పోయేవాడు. "రేకు డబ్బా"లో డ్రైవర్ బదులు కూర్చోబెట్టిన బొమ్మకు కాలికి చిన్న దెబ్బ. మన అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఉత్తర్‌పారాలో 2014 దాకా దాన్నే తయారు చేశాం. అంబాసిడర్‌లో ఎవరికీ ఏమీ అయ్యేది కాదంటారు. అప్పుడు జనగామ రోడ్డు మీద బండ్లెన్ని, వాటి వేగమెంత? ఎత్తు ఎక్కడానికి మూడు నిమిషాలు తీసుకున్న లారీ వెనక నలభైలో పోయినవాళ్లం మనం.

ఎయిర్‌బ్యాగుల దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. "మనం అరవై దాటం, మనకెందుకు?" అట. అరవైలో పోయే బండి ఉన్నపాటున ఆగిందంటే, లోపలి మనిషికి దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టు. నాలుగంతస్తుల మేడ పైనుంచి. మేడ మీద పిట్టగోడ లేకపోతే "మనం నాలుగంతస్తులే కదా" అని మనవణ్ని వదిలేస్తారా? మన దగ్గర వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లుంటాయి, రాత్రిపూట లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఉంటుంది, మడికొండ దాటాక బర్రెలుంటాయి. ఉన్నపాటున ఆగడం అంటే ఏమిటో 163 నంబర్ హైవే మీద తిరిగేవాడికి నేను చెప్పాలా?

"ఎయిర్‌బ్యాగు వల్లే చచ్చిపోయారు" అని ఆ మెసేజ్‌లో ఒక లైను ఉంది. అబద్ధం అనను, అందుకే అది ఎక్కువ ప్రమాదం. బెల్టు పెట్టుకోకుండా ముందుకు ఎగిరిపడే మనిషికి, రెప్పపాటు కన్నా ముందే విచ్చుకునే ఆ సంచి ఎదురొస్తే దెబ్బ గట్టిగానే తగులుతుంది. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకున్న పాపకైతే చెప్పనక్కర్లేదు. దాన్ని తయారు చేసిందే బెల్టుకు తోడుగా. కాబట్టి ఆ లైను చదివి మనం చేయాల్సింది బెల్టు పెట్టుకోవడం, పాపను వెనక సీట్లోకి పంపడం. మనవాళ్లు ఏం చేస్తున్నారు? బెల్టు తీసేసి, దాని గూట్లో క్లిప్పు గుచ్చుతున్నారు, బండి అరవకుండా. వంద రూపాయల క్లిప్పు, పైన వెంకన్న బొమ్మ. స్వామి ఉన్నాడుగా అని ధైర్యం. ఆన్‌లైన్‌లో వీటి అమ్మకం ఆపమని 2023లో కేంద్రం ఆర్డర్ వేసింది. మన యాక్సెసరీస్ షాపుల్లో ఇంకా వేలాడుతున్నాయి.

ముందర గార్డు గురించి రెండే మాటలు. ఇందాక చెప్పిన హమాలీ మోకాళ్లకు కర్రలు కట్టడమే అది. 2017లోనే కేంద్రం వద్దంది. వేయించుకుని ఫొటో పెట్టిన ఇద్దరూ దయచేసి పీకించండి.

ఇప్పుడు మెసేజ్ రాసినాయనకు నేను ఒక దండం పెట్టాలి. "మంచివి బయటికి, నాసిరకం మనకు" అన్న మాట దగ్గర ఆయన గెలిచాడు. ఖండించాలనే కూర్చుని, వెతికి, నోరు మూసుకున్నా. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు (కార్లను గుద్దించి, భద్రతకు ఐదు దాకా స్టార్లు వేసే సంస్థ) మన దగ్గర బాగా అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గుద్దించి చూస్తే ఐదింటికీ సున్నా. 2020 నవంబర్‌లో మనకు అమ్మే మారుతి ఎస్-ప్రెస్సోకు సున్నా. 2022లో అదే ఎస్-ప్రెస్సో, మన దేశంలోనే తయారై దక్షిణాఫ్రికాకు పోయేది, మూడు స్టార్లు తెచ్చుకుంది. వాళ్లదానిలో రెండు ఎయిర్‌బ్యాగులు, మనదానిలో డ్రైవర్‌కు ఒక్కటి. పక్కన కూర్చునే భార్య ప్రాణానికి కంపెనీ కట్టిన విలువ అది.

కానీ చూడు బావా, ఆ తేడాలో పెద్ద ముక్క ఎయిర్‌బ్యాగే! "మనకు మంచివి ఇవ్వడం లేదు" అని పైన ఏడ్చి, "ఆ మంచివి మనకెందుకు" అని కింద రాస్తే ఎలా? కంపెనీల మీద కోపంతో రాసినట్టున్న ఈ మెసేజ్ చదివితే కంపెనీవాళ్లే చప్పట్లు కొడతారు. ముందు సీట్లలో రెండు ఎయిర్‌బ్యాగులు పాత మోడళ్లకు కూడా తప్పనిసరి అయ్యేసరికి 2021 చివరికొచ్చింది. ఆరు తప్పనిసరి చేస్తామన్నారు, ఏడాది వాయిదా వేశారు, 2023లో వదిలేశారు. చిన్న కార్ల ధర పెరిగి జనం కొనరు అని గట్టిగా వాదించింది దేశంలో అందరికన్నా పెద్ద కంపెనీ. ఆ కంపెనీయే 2025లో ఆల్టో కె10కు కూడా ఆరు పెట్టింది. ఏం మారింది? మధ్యలో టాటా నెక్సాన్‌కు 2018లో ఐదు స్టార్లు వచ్చాయి, 2023 అక్టోబర్ నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష మొదలైంది, జనం షోరూమ్‌లో "ఎన్ని స్టార్లు?" అని అడగడం నేర్చారు. అంతకుముందు మనం అడిగింది "ఎంతిస్తది?" అని ఒక్కటే. మైలేజీ అడిగితే మైలేజీయే ఇచ్చారు.

ఎంపిక సంగతి కొంత నిజం, కొంత మతిమరుపు. అంబాసిడర్, ఫియట్ తప్ప గతి లేని రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వస్తే పండగ చేసుకున్నది అందుకే. అయితే ఇప్పుడు వేరే రకం ఇరుకు వచ్చింది. జనరల్ మోటార్స్ 2017లో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో తయారీ మానేసింది. వెళ్లిపోయిన ఒక కంపెనీ బండి ఉన్న మా పక్కింటాయన హెడ్‌లైట్ కోసం రెండు నెలలు హైదరాబాద్ చుట్టూ తిరిగాడు. ఇక పొడవు నాలుగు మీటర్లు దాటితే పన్ను పెరిగే రూలు వల్ల డిక్కీ తెగ్గోసిన కార్లు పుట్టాయి, తోక తెగిన బల్లుల్లా. ఇవన్నీ పోను, నన్ను మండించేది ఒకటుంది. పోయినేడాది నేను చూసిన బండిలో ఆరు ఎయిర్‌బ్యాగులు కావాలంటే పై వేరియంటే తీసుకోవాలి, దాంతో పాటు సన్‌రూఫ్ కూడా. మే నెలలో వరంగల్‌లో నెత్తి మీద కిటికీ! "పిల్లలు బయటికి నిలబడి ఫొటోలు దిగుతారు సార్" అని ఆ పిల్లాడే చెప్పాడు. ప్రాణం కాపాడేదాన్నీ ప్రాణం తీసేదాన్నీ ఒకే ప్యాకేజీలో అమ్ముతున్నారు.

అంత తెలిసినవాడివి నువ్వేం నడుపుతున్నావని అడుగుతారు. నాది ఇంకా ఏపీ 36 నంబరే. 2013లో కొన్నా, బేస్ మోడల్. ఎయిర్‌బ్యాగు ఉన్న వేరియంట్ ఇరవై వేలో ఎంతో ఎక్కువన్నారు. ఆ డబ్బుతో సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ వేయించా. ఆ మ్యూజిక్ సిస్టమ్ రెండేళ్లకే మూగబోయింది. అదే బండిలో మా అమ్మను, పిల్లలను మేడారం తీసుకుపోయి వచ్చా, నాలుగుసార్లు.

పోయిన ఆదివారం బావ కొత్త కారులో యాదగిరిగుట్ట పోయాం. ఆరు ఎయిర్‌బ్యాగులున్న బండి, డబ్బు పెట్టి కొన్నాడు. డ్రైవర్ సీటు పక్క గూట్లో వెంకన్న. బావ టీ కోసం దిగినప్పుడు దాన్ని పీకి జేబులో వేసుకున్నా. ఆలేరు వచ్చేదాకా బండి కుయ్ కుయ్ అని అరుస్తూనే ఉంది, ఆఖరికి ఓర్చుకోలేక బెల్టు పెట్టుకున్నాడు. నిన్న గ్రూపులో "నా కారులో క్లిప్పు ఎవరైనా చూసిండ్రా?" అని అడిగాడు.

చూశా బావా. నా దగ్గరే ఉంది. ఇవ్వను.