గేలం వేసేవాడి ఖర్చు కూడా లెక్కలోకి రావాలి

రాష్ట్రంలో చేపల ఉత్పత్తి మీద మీరు రాసింది చదివాను. చెరువులు, టన్నులు, ఎగుమతులు అన్నీ చెప్పారు. సరదాగా గేలం వేసేవాళ్ల వల్ల ఊళ్లో తిరిగే డబ్బు గురించి మాత్రం ఒక్క మాటా లేదు.

మాది విజయవాడ. ఆదివారం తెల్లారకముందే సీతానగరం వైపు కృష్ణ ఒడ్డుకు వెళ్తాను. బండికి పెట్రోలు, దారిలో ఇడ్లీ, రెండు టీలు, నైలాన్ దారం, కొత్త గేలాలు. మొన్న మూడు గంటలు కూర్చుంటే బెండు ఒక్కసారి బుడుంగున మునిగింది. లాగితే చిన్న జెల్ల, అరచేయంత కూడా లేదు. నేను పెట్టిన ఖర్చుతో మార్కెట్లో మంచి బొచ్చె చేపే వచ్చేది. ఆ డబ్బంతా చిన్న వ్యాపారుల చేతికే వెళ్లింది కదా! పట్టిన చేప బరువును బట్టి ఈ సరదా విలువ కట్టలేం.

అమెరికాలో 1950లోనే డింగెల్-జాన్సన్ చట్టం తెచ్చారు. గేలాలు, దారం చుట్టే రీళ్ల మీద పన్ను వేసి, ఆ సొమ్మును చేపల సంరక్షణకు రాష్ట్రాలకు ఇస్తున్నారు.

మనకు 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఉంది, ఊరి మధ్య నుంచి పోయే బందరు, ఏలూరు కాలువలున్నాయి. వాటిలో తేలే ప్లాస్టిక్ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వల మీద బతికే కుటుంబాల జోలికి పోకుండా, గేలం వేసే మాకు ఒడ్డున విడిగా నాలుగు మెట్లు కట్టి, గేట్లు ఎత్తే ముందు గట్టిగా హెచ్చరిస్తే చాలు. టికెట్ పెట్టినా సంతోషంగా కొంటాం, ఆ డబ్బుతో నదిలో చేపపిల్లల్ని వదలండి.