పక్షవాతం వచ్చాక పీల్చే గాలితో పనిలేదన్న ప్రచారం: ఒక ఖండన

పక్షవాతం నుంచి, అంటే మెదడుకు వచ్చే స్ట్రోక్ నుంచి బయటపడినవారి కుటుంబాలకు ధైర్యం చెబుతున్నట్టుగా ఒక సందేశం ఫోన్లలో విరివిగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: వాయు కాలుష్యం ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి సమస్య, మెదడుకు దానితో సంబంధం లేదు, స్ట్రోక్ వచ్చిన మనిషి ఎన్నాళ్లు బతుకుతాడన్నది దాని తీవ్రతను, వాడే మందులను బట్టే ఉంటుంది, కాలుష్యం వల్ల మరణాలు పెరిగాయనే అధ్యయనాలు నిజానికి కొలిచింది పేదరికాన్నీ పొగతాగే అలవాటునూ, అలా చనిపోయినవారు ఎలాగూ నాలుగు రోజుల్లో పోవాల్సినవారే, గాలి నిర్ణీత పరిమితికి లోబడి ఉంటే భయం లేదు, అంతగా అనుమానముంటే తలుపులు మూసుకుంటే చాలు. స్ట్రోక్ తీవ్రత, మందులు చాలా ముఖ్యమన్న ఒక్క ముక్క ఇందులో పూర్తిగా నిజం. ఆ నిజాన్ని అడ్డుపెట్టుకొని మిగిలినవన్నీ నమ్మించడమే నాకు ఆందోళన కలిగిస్తోంది, ఎందుకంటే దీన్ని చదివి నిశ్చింతగా ఉండిపోయేది ఇప్పటికే దెబ్బతిన్న మెదడుతో, బలహీనపడిన రక్తనాళాలతో ఉన్న మనిషి.

మొదటి మాట, కాలుష్యం ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతుందన్నది. పీఎం 2.5 అని పిలిచే సూక్ష్మ ధూళి కణాల వ్యాసం 2.5 మైక్రోమీటర్లకు మించదు. తల వెంట్రుక మందంలో అది దాదాపు ముప్పయ్యో వంతు. ఇవి ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్లి అక్కడ వాపును పుట్టిస్తాయి. ఆ వాపు సంకేతాలు రక్తంలోకి చేరి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి, రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి, బీపీని ఎగదోస్తాయి. వీటికన్నా ఎంతో చిన్నవైన అతిసూక్ష్మ కణాలు నేరుగా రక్తంలోకే దిగగలవు. ఎడిన్‌బరో పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని కళ్లకు కట్టింది. హాని చేయని అతిసూక్ష్మ బంగారు కణాలను వారు కొందరు స్వచ్ఛంద వ్యక్తుల చేత పీల్పించారు. ఆ బంగారం కొందరి రక్తంలో పావుగంటకే కనిపించింది, మూడు నెలల తర్వాత కూడా పూర్తిగా పోలేదు. మెడలోని కేరోటిడ్ ధమని పూడుకుపోయి స్ట్రోక్ ముప్పు ఉన్న రోగుల చేత శస్త్రచికిత్సకు ముందు ఇవే కణాలను పీల్పించి, తర్వాత ఆ ధమని నుంచి తీసిన కొవ్వు పూడికను పరీక్షిస్తే అందులోనూ బంగారం ఉంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే దారిలో, అదీ సరిగ్గా వ్యాధి ముదిరిన చోట పీల్చిన కణాలు దొరికాక, మెదడుకు గాలితో సంబంధం లేదనడానికి ఆధారం మిగలదు.

ఎడిన్‌బరో పరిశోధకులు పాలుపంచుకోగా 2007లో వెలువడిన మరో ప్రయోగాన్ని కూడా చెప్పుకోవాలి. అంతకుముందు గుండెపోటు వచ్చి కోలుకున్న 20 మంది పురుషులను ఒక గదిలో గంటసేపు పలచబరిచిన డీజిల్ పొగకు గురిచేసి, వేరొక రోజున శుభ్రమైన గాలిలో ఉంచి పోల్చారు. డీజిల్ పొగ పీల్చిన తర్వాత వారి రక్తనాళాలు టీ-పీఏ అనే పదార్థాన్ని విడుదల చేసే శక్తి సుమారు మూడో వంతు తగ్గింది. టీ-పీఏ శరీరం తనంతట తాను తయారుచేసుకునే, గడ్డను కరిగించే పదార్థం. స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల లోపు ఆసుపత్రిలో ఎక్కించే ఆల్టిప్లేస్ ఇంజెక్షన్ దాని ప్రయోగశాల రూపమే. వీరు గుండె రోగులే తప్ప స్ట్రోక్ రోగులు కారన్నది నిజమే, అయినా గడ్డను కరిగించే ఈ ఏర్పాటు గుండెకు ఒకటి, మెదడుకు ఒకటిగా వేర్వేరుగా ఉండదు.

ఇక స్ట్రోక్ వచ్చాక ఆయుష్షుకూ గాలికీ సంబంధం లేదన్న మాట. ముందుగా, స్ట్రోక్ నుంచి బయటపడినవారు తర్వాతి కాలంలో దేనివల్ల మరణిస్తారో గమనించాలి: మరో స్ట్రోక్ వల్ల, గుండెపోటు వల్ల, మింగడం కష్టమై ఆహారమో లాలాజలమో ఊపిరితిత్తుల్లోకి జారడం మూలంగా వచ్చే న్యుమోనియా వల్ల. స్ట్రోక్, గుండెపోటు, న్యుమోనియాల ముప్పును చెడ్డ గాలి పెంచుతుందని వేరువేరు పరిశోధనలు చూపాయి. ఈ సంగతిని నేరుగా పరిశీలించిన అధ్యయనం 2010లో వచ్చింది. దక్షిణ లండన్ స్ట్రోక్ రిజిస్టర్‌లో 1995 నుంచి 2005 వరకు మొదటిసారి స్ట్రోక్ వచ్చి నమోదైన 3,320 మందిని, వారి ఇళ్ల వద్ద గాలి నాణ్యత అంచనాలతో జోడించి చూశారు. ఘనపు మీటరు గాలిలో, వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు 10 మైక్రోగ్రాములు ఎక్కువగా ఉన్నచోట మరణ ముప్పు 28 శాతం ఎక్కువగా ఉంది. 10 మైక్రోమీటర్ల వ్యాసం దాకా ఉండే పీఎం 10 ధూళి అంతే ఎక్కువగా ఉన్నచోట 52 శాతం ఎక్కువగా ఉంది. రెండో అంకెను జాగ్రత్తగా చదవాలి. దాని అనిశ్చితి 6 శాతం నుంచి 118 శాతం వరకు విస్తరించింది కాబట్టి, 52 అన్న అంకెను పట్టుకొని ఊగడం కన్నా దిశ స్పష్టంగా ఉందని గ్రహించడం మేలు.

పేదరికం, పొగతాగడం అన్న అభ్యంతరం న్యాయమైనదే. రద్దీ రోడ్ల పక్కన తక్కువ ఆదాయం గలవారు ఎక్కువగా నివసించడం చాలాచోట్ల చూస్తాం. కానీ సందేశం రాసినవారు ఆ అధ్యయనాన్ని తెరిచి చూసి ఉంటే, పరిశోధకులు ఈ ప్రశ్న తామే వేసుకున్నారని తెలిసేది. సామాజిక వర్గం, పొగతాగడం, మద్యం, స్ట్రోక్‌కు ముందు రోగి పనులు చేసుకోగలిగిన స్థితి, పాత జబ్బులు, స్ట్రోక్ రకం, దాని తీవ్రత, ఆసుపత్రిలో చేరారా లేదా, చుట్టుపక్కల ప్రాంతపు పేదరికం, వీటన్నింటి ప్రభావాన్నీ లెక్కలో సరిచేసిన తర్వాత మిగిలిన తేడానే పైన చెప్పింది. ఇలాంటి గణాంకాలు కార్యకారణ సంబంధాన్ని ఒంటరిగా రుజువు చేయలేవు. ప్రయోగశాలలో కనిపించిన మార్గాలు, వేరే ఊళ్లలో వచ్చిన ఫలితాలు కలిసినప్పుడే వాదన నిలబడుతుంది, ఇక్కడ అవి కలుస్తున్నాయి.

నాలుగు రోజుల్లో పోవాల్సినవారే అన్న మాట చదివినప్పుడు నాకు బాధ కలిగింది. బాధను పక్కనపెట్టినా ఆ మాట తప్పు. అది నిజమైతే తేడా స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లో మాత్రమే కనిపించి, తర్వాత సమసిపోవాలి. లండన్ రోగుల్లో సగం మంది 3.7 ఏళ్లకు మించి జీవించారు, మరణాల్లోని తేడా మాత్రం పరిశీలన సాగినంత కాలం కొనసాగింది. పోయింది రోజులు కాదు, నెలలూ సంవత్సరాలూ.

పరిమితుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పీఎం 2.5 వార్షిక సగటుకు 2005లో 10 మైక్రోగ్రాములను మార్గదర్శకంగా ప్రకటించి, 2021లో దాన్ని 5కు తగ్గించింది. నైట్రోజన్ డయాక్సైడ్‌కు 40 నుంచి 10కి దించింది. పాత పరిమితుల కన్నా తక్కువ మోతాదులోనూ హాని కనిపించడమే ఈ తగ్గింపుకు కారణం. ఏ దేశపు చట్టబద్ధ పరిమితి అయినా దీనికన్నా సడలింపుగా ఉంటే, ఆ లోపున ఉన్న గాలి రోగికి సురక్షితమని దాన్నిబట్టి చెప్పలేం.

చివరిగా, తలుపులు మూసుకోవడం. బయట ధూళి ఎక్కువగా ఉన్న గంటల్లో కిటికీలు మూయడం కొంత ఉపయోగమే, కానీ సూక్ష్మ కణాలు సందుల గుండా లోపలికి వస్తాయి, ఇంట్లో ఎవరైనా పొగతాగితే మూసిన తలుపులు ఆ పొగను రోగి దగ్గరే నిలబెడతాయి. మంచి ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ధూళిని తగ్గిస్తుంది, వాయువులను అంతగా ఆపదు. కాలుష్యానికి భయపడి రోగిని మంచానికే పరిమితం చేయడం మరో పెద్ద పొరపాటు, ఎందుకంటే కదలిక లేకపోతే కండరాలు క్షీణిస్తాయి, కాళ్లలో గడ్డలు కడతాయి, కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఫిజియోథెరపిస్టు నడవమన్నప్పుడు రద్దీ రోడ్డు అంచున కాకుండా లోపలి వీధిలోనో చెట్లున్న ఆవరణలోనో, వాహనాలు తక్కువగా ఉన్న వేళ నడిపించాలి. గాలి మరీ చెడ్డగా ఉన్న రోజున అదే వ్యాయామం ఇంట్లో చేయించాలి. బీపీ మాత్రలు, గడ్డకట్టకుండా ఇచ్చే మందులు ఒక్కపూట కూడా తప్పించకూడదు. ముఖానికి బిగుతుగా ఉండే మాస్కు వాడాలనుకుంటే, మింగడంలోనో ఊపిరిలోనో ఇబ్బంది ఉన్న రోగి విషయంలో ముందుగా డాక్టరును అడగాలి, సొంతంగా దాన్ని తీసుకోలేని రోగికి పక్కన మనిషి లేకుండా తొడగకూడదు.